దొడ్డికాలు సరిచేస్తే మోకాలి నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. మోకాలు లోపలి వైపే అరిగి దొడ్డికాలైంది. కీలు మార్చకుండా ఎముక కోసి సరిచేస్తామంటున్నారు. చేయించుకోవచ్చా?

జవాబు: బయటి వైపు మృదులాస్థి (ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నటి పొర) బాగుంటే, మీ వయసుకు ఇది మంచి దారేనండీ. నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా ఎక్స్‌రే తీసి, ఎన్ని డిగ్రీలు సరిచేయాలో ముందే లెక్కగడతారు. మోకాలి కింది పెద్ద ఎముకను లోపలి వైపు నుంచి కోసి, బయటి అంచున సుమారు 1 సెంటీమీటరు వదిలేస్తారు. అది తలుపు బందులాంటిది. కోతను మెల్లగా తెరిచి ప్లేటు, స్క్రూలు బిగిస్తే బరువు బయటి వైపుకు మళ్లుతుంది. తొందరపడి తెరిస్తే బందు విరిగి, ఎముక అతకడం ఆలస్యమవుతుంది. పొగ తాగినా అంతే. అలవాటుంటే ఇవాళే మానేయండి. కొన్ని వారాలు చంకకర్రలు తప్పవు. ఏళ్ల తర్వాత కీలు మార్పిడి అవసరం పడొచ్చు.