పెద్దవారితో, పసివారితో పార్కుకు

ప్రశ్న: వేసవి సెలవుల్లో హైదరాబాదు వస్తున్నాము. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పిల్లలకు నాలుగేళ్లు, ఏడేళ్లు. ఒక్క పూటే వీలవుతుంది. కేబీఆర్ పార్కు మంచిదా, జూ పార్కు మంచిదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ ఇంటివారందరినీ దృష్టిలో పెట్టుకుంటే జూ పార్కే మేలని నా అభిప్రాయం. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కేబీఆర్ పార్కు నిజంగా చక్కని అడవి ముక్కే గాని, అక్కడి ఆనందమంతా నడకలోనే ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారికి అది శిక్ష అవుతుంది. మీరాలం చెరువు పక్కన 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల సుమారు 380 ఎకరాలు ఉన్నా, లోపల బ్యాటరీ బండ్లు తిరుగుతాయి కాబట్టి అత్తగారిని ఇంటివద్ద వదిలి రావలసిన అవసరం లేదు. సోమవారం మాత్రం సెలవు.

గేటు తెరిచే వేళకే చేరుకోండి. ఎండ ముదిరాక పులులు నీడ పట్టున పడుకుంటాయి, పిల్లలు "ఏదమ్మా పులి?" అని ఏడుపు ముఖం పెడతారు. అన్నీ చూడాలన్న పట్టుదల వద్దు. నీటిగుర్రం దగ్గర ఒక పావుగంట కదలకుండా నిలబడనివ్వండి. నీళ్లలోంచి ముందు రెండు చెవులు, తర్వాత కళ్లు, ఆ తర్వాత బుస్సుమంటూ ముక్కు పైకి వచ్చినప్పుడు నాలుగేళ్ల పిల్ల ముఖం చూడవలసిందే. జంతువులకు తినుబండారాలు వేయనివ్వకండి, వాటి ఆరోగ్యం దెబ్బతింటుంది.