చలికాలంలో కారు చేత్తో కడగొచ్చా? కడగొచ్చు, కానీ అసలు పని ఆరబెట్టడం

మీరు అడిగింది నాకు బాగా అర్థమైంది. డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ వచ్చారు, సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి నల్ల కారు నెల తిరక్కుండానే సున్నం కొట్టినట్టు అయిపోయింది. ఆటోమేటిక్ వాష్‌కి వెళ్తే బ్రష్షులు గీతలు పెడతాయని భయం, ఇంటి దగ్గర కడిగితే నీళ్లు గడ్డకడతాయని ఇంకో భయం. మార్చి దాకా ఆగమని మీ రూమ్మేట్ అంటున్నాడు. దయచేసి ఆగకండి. నేను డెట్రాయిట్ పక్కన ఉంటాను, పదకొండు చలికాలాలుగా కారు చేత్తోనే కడుగుతున్నాను.

మాది విశాఖ. మా నాన్న రోజూ పొద్దున్నే బజాజ్ చేతక్‌ని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచేవారు. మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టి మరీ తుడిచేవారు. సముద్రపు గాలికి కిటికీ ఊచలే పొరలు పొరలుగా రాలిపోతుంటే రేకు బండి ఎన్నాళ్లు నిలుస్తుందిరా అనేవారు. ఇక్కడికొచ్చాక ఆ మాట విలువ తెలిసింది. డెట్రాయిట్ నగరం కిందే, 1,100 అడుగుల పైచిలుకు లోతులో పెద్ద ఉప్పు గని ఉంది. రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడ తవ్వుతారు. సముద్రం లేదన్న మాటే గానీ, ఏడాదిలో నాలుగైదు నెలలు మన కార్లు ఉప్పులోనే ఉంటాయి.

ఆ ఉప్పు ఎప్పుడు హాని చేస్తుందో తెలిస్తే ఎప్పుడు కడగాలో తెలుస్తుంది. బయట ఎముకలు కొరికే చలి ఉన్నప్పుడు తుప్పు నెమ్మదిగానే పడుతుంది. వాతావరణం కాస్త వెచ్చబడి మంచు కరగడం మొదలయ్యాకే అసలు నష్టం. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరు లాక్కుని చెమ్మగిల్లుతుంది. కొన్నిచోట్ల దాంతోపాటు వాడే కాల్షియం క్లోరైడ్ ఇంకా తక్కువ తేమకే తడిసిపోతుంది. అందుకే వెచ్చటి గ్యారేజీలో పెట్టాం కదా అని ఉప్పు కారుని అలాగే వదిలేయడం మంచిది కాదు. బయట నిలబెట్టిన కారు కంటే అదే తొందరగా తుప్పు పట్టొచ్చు.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను. రెండో ఏడాది జనవరిలో ఒక ఆదివారం ఎండ కాసింది. మధ్యాహ్నం 36 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో 2. సంబరంగా పైపు పెట్టి, షాంపూతో మన ఊళ్లో కడిగినట్టే కడిగేశాను. పైపైన తుడిచి, అలవాటుగా హ్యాండ్ బ్రేక్ లాగి ఇంట్లోకి వెళ్లిపోయాను. రాత్రికి 12 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (సెల్సియస్‌లో మైనస్ 11) పడిపోయింది. పొద్దున ఆరున్నరకి ఆఫీసుకి బయల్దేరితే డ్రైవర్ వైపు తలుపు రాలేదు. గట్టిగా లాగాను. కాగితం చిరిగిన చప్పుడైంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ జానెడు మేర చిరిగి, సగం తలుపుకి, సగం బాడీకి అతుక్కుని వేలాడుతోంది. ఆ సందులో గాజుపెంకులా పల్చటి మంచుపలక. అవతలి తలుపులోంచి ఎక్కి స్టార్ట్ చేస్తే వెనక చక్రం కదల్లేదు, హ్యాండ్ బ్రేక్ గడ్డకట్టుకుపోయింది. ఆ పట్టీ మార్పించేదాకా తలుపు సందులోంచి ఈదురుగాలి కొడుతూనే ఉండేది. నేను కడగడం తప్పు కాదు, నీళ్లు వదిలేయడం తప్పు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. వారం వాతావరణం చూసుకుని, పగలు 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (4 సెల్సియస్) తగ్గని రోజు ఎంచుకుంటాను. పదకొండు గంటలకి మొదలుపెట్టి రెండింటికల్లా ముగిస్తాను, సాయంత్రం చలి పెరిగేలోపు ఆరడానికి టైమ్ ఉండాలి కదా. పొద్దుపోయాక కడిగితే నా ఆదివారం మీకూ వస్తుంది.

ముందు ఇంటి దగ్గర కాదు, నాణేలు వేసి మనమే కడుక్కునే సెల్ఫ్ సర్వీస్ బేకి తీసుకెళ్తాను. అక్కడ బ్రష్షు ముట్టుకోను. మనకి ముందు ఆ బ్రష్షు ఏ బురద తోమిందో తెలియదు. ప్రెషర్ గన్‌తో నీళ్లు మాత్రం కొడతాను. మీరు పైన మెరుపు చూసుకుని మురిసిపోకండి. ఎక్కువసేపు చక్రాల గూళ్లలో, తలుపుల కింద అంచుల్లో, కారు అడుగున కొట్టండి. కారిపోయే నీళ్లు మొదట పాలలా తెల్లగా, తర్వాత బూడిదరంగులో వస్తాయి. అవి తేటబడేదాకా ఆపకండి. ఆ ఉప్పురాళ్లు పోకుండా గుడ్డ పెట్టి రుద్దితే మీరు భయపడే గీతలు మీ చేత్తో మీరే పెట్టుకున్నట్టు అవుతుంది.

తర్వాత ఇంటికొచ్చి, బకెట్ నీళ్లతో సరిపెడతాను. రిన్స్‌లెస్ వాష్ అని దొరుకుతుంది, మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేని ద్రవం. నేను వాడేది ఆప్టిమమ్ నో రిన్స్. రెండు గ్యాలన్ల (ఏడున్నర లీటర్ల) నీళ్లకి ఒక ఔన్స్, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు చాలు. నీళ్లు గోరువెచ్చగా పెట్టుకోండి, అది కారు కోసం కాదు, మీ వేళ్ల కోసం. చేతికి పల్చటి నూలు గ్లోవ్స్, దాని మీద రబ్బరు గ్లోవ్స్ వేసుకుంటే చేతులు కొంకర్లు పోవు. ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు బకెట్‌లో నానేస్తాను. ఒక గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఒక్కో తలుపుకి ఒక్కో శుభ్రమైన మడత వాడి, మాసిన గుడ్డని మళ్లీ బకెట్‌లో ముంచకుండా పక్కన పడేస్తాను. పైకప్పు నుంచి కిందికి రావాలి, కింది అంచులు చివర. ఒక తలుపు తుడవగానే అక్కడికక్కడ పొడిగుడ్డతో ఆరబెట్టి రెండో తలుపుకి వెళ్లాలి. కారంతా తడిపి తర్వాత ఆరబెడదామంటే చలిలో కుదరదు.

ఆ తర్వాత పావుగంట తలుపులకే కేటాయించండి. నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి రబ్బరు పట్టీలు, అవి ఆనే అంచులు పొడిగా తుడవండి. పట్టీలకి సిలికాన్ గ్రీజు గానీ స్ప్రే గానీ గుడ్డతో పల్చగా రాస్తే నీళ్లు పట్టవు. పెట్రోల్ మూత చుట్టూ కూడా తుడవండి. సైడ్ అద్దాల వెనక దాక్కున్న నీళ్లు కాసేపటికి కారతాయి, అందుకే అక్కడ రెండుసార్లు తుడుస్తాను. అయ్యాక పది నిమిషాలు కారు తిప్పి, వెనక ఎవరూ లేనప్పుడు నాలుగైదుసార్లు మెత్తగా బ్రేక్ తొక్కితే డిస్కులు ఆరిపోతాయి. ఆ రాత్రికి చదునైన చోట ఆపి గేరు పార్క్ (P)లో పెట్టి వదిలేయండి, హ్యాండ్ బ్రేక్ వద్దు.

రెండు పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. మంచు పట్టిన అద్దం మీద వేడినీళ్లు పోస్తే అద్దం పగిలిపోవచ్చు. గిన్నెలు తోమే సబ్బు వాడితే కారు మీదున్న వ్యాక్స్ పొర పోతుంది, చలికాలంలో ఉప్పుకీ పెయింటుకీ మధ్య ఉండేది ఆ పొరే.

మీది అపార్ట్‌మెంట్ కాబట్టి పార్కింగ్‌లో కడగనిస్తారో లేదో ఆఫీసులో ముందే అడగండి, చాలాచోట్ల ఒప్పుకోరు. ఒప్పుకున్నా మురికి బకెట్ వానకాలవలో పోయకండి, చాలాచోట్ల అది శుద్ధి కాకుండా తిన్నగా చెరువులకీ నదులకీ పోతుంది. ఇంట్లో టాయిలెట్‌లో పోసేయండి. అసలు ఒప్పుకోకపోతే బే దగ్గర నీళ్లు కొట్టి, ఓ మూలన ఆపి తలుపులు తుడుచుకుని వచ్చేయండి. అదీ చాలు.

నేను రెండు మూడు వారాలకోసారి, పెద్ద మంచు పడి రోడ్లు ఆరాక తప్పకుండా చేస్తాను. ఇక్కడ ఉగాది పచ్చడి తిన్నాక కూడా మంచు పడుతుంది. కాబట్టి మార్చి అని కాకుండా ఏప్రిల్ చివర్లో ఒకరోజు పెట్టుకుని పైపుతో అడుగంతా కడిగేయండి. అదే రోజు మ్యాట్లు తీసి, కార్పెట్ మీద తెల్లమరకలుంటే వెనిగర్, గోరువెచ్చని నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో అద్దండి. ఒక్కసారికి పోవు, రెండుమూడుసార్లు అద్దితే వదులుతాయి.