బైబిలు అధ్యయన పుస్తకాల్లో గ్రీకు, హీబ్రూ మాటలు ఎందుకు?

సెమినరీలో (పాస్టర్లకు శిక్షణ ఇచ్చే కళాశాలలో) చదివినవారు రాసే బైబిలు అధ్యయన పుస్తకాల్లో గ్రీకు, హీబ్రూ మాటలు కనిపించేది బైబిలు మూలం ఆ భాషల్లో ఉండబట్టే. పాత నిబంధన చాలావరకు హీబ్రూ, కొద్దిభాగం అరామిక్. కొత్త నిబంధన గ్రీకు. ఏ అనువాదంలోనైనా మూలంలోని కొన్ని తేడాలు చెరిగిపోతాయి. చాలా సెమినరీల్లో ఈ భాషలు నేర్పుతారు గనుక రచయితలు వాటిని బయటికి తీసి చూపిస్తారు.

యోహాను సువార్త 21వ అధ్యాయం చూడండి. "నన్ను ప్రేమించుచున్నావా" అని యేసు తన శిష్యుడు పేతురును మూడుసార్లు అడుగుతాడు. తెలుగులో మూడుసార్లూ అదే క్రియ. గ్రీకులో మొదటి రెండుసార్లు ‘అగపావో’, మూడోసారి ‘ఫిలేవో’. పేతురు జవాబులు మూడూ ‘ఫిలేవో’తోనే.

చాలామంది పొరబడేది ఇక్కడే. ‘అగపావో’ అంటే దైవప్రేమ, ‘ఫిలేవో’ అంటే ఉత్త స్నేహం అని గీత గీసేస్తారు (ప్రసంగాల్లో బాగా పండే మాట లెండి). గ్రీకు మాట చూపించారు కాబట్టి వ్యాఖ్యానం కూడా ఖాయమే అనుకోవడం తొందరపాటు. తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని చెప్పడానికి ఇదే సువార్త 3:35లో మొదటి క్రియను, 5:20లో రెండోదాన్ని వాడింది. అందుకే పండితుల్లో చాలామంది 21వ అధ్యాయంలోని తేడాను శైలి కోసం చేసిన మాట మార్పుగానే చూస్తారు.