కొండ వాలులో పాత చోడి (రాగి) రకం దిగుబడి నిజంగా నిలకడగా ఉంటుందా?

శ్రీకాకుళం జిల్లా మందస వైపు కొండ వాలులో ఉన్న రెండెకరాల్లో పాత చోడినే కొనసాగించాలా, అధిక దిగుబడి రకానికి మారాలా, పాతదానికి నిలకడ ఎక్కువన్న మాటలో నిజమెంత అని మీరు అడిగారు. మెళియాపుట్టి మండలంలో కొండను ఆనుకొని మాకున్న మూడు మడుల్లో ఏటా చోళ్ళు వేస్తాము కాబట్టి, నాకు తెలిసినంత వరకు చెబుతాను.

నిలకడ వేరు, ఎక్కువ పండడం వేరు. ఫిన్లే, విల్కిన్సన్ అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో 277 బార్లీ రకాలను వేర్వేరు చోట్ల పండించి, ఆయా చోటి సగటు దిగుబడి పెరిగే కొద్దీ ఒక్కో రకం ఎంత పెరుగుతుందో లెక్కగట్టి 1963లో ప్రచురించారు. ఆ విలువ అన్ని రకాల సగటుకు ఒకటి; అంతకు బాగా తగ్గిన రకం చెడు నేలలో అంతగా దెబ్బతినదు, మంచి నేలలో అంతగా పెరగదు. మా పాత చోడి తీరు అచ్చంగా ఇదే. రాళ్ళు తేలిన పై మడిలో, వాన ఆలస్యమైన ఏడు కూడా అది ఇంటి తిండికి లోటు చేయలేదు. అదే విత్తనం పశువుల ఎరువు బాగా తోలిన కింది మడిలో ఏపుగా ఎదిగి పడిపోయింది. అక్కడ విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం వారి శ్రీ చైతన్య రకమే మాకు ఎక్కువ పండింది.

ఆ నిలకడ ఎక్కడి నుంచి వస్తుందో నాకు నష్టపోయాకే తెలిసింది. మా అమ్మ విత్తనానికి వెన్నులు ఏరేటప్పుడు, వేళ్ళు ముడుచుకొని పిడికిలిలా ఉన్నవి, సగం విచ్చుకున్నవి, పూర్తిగా విడివడినవి అన్నీ కలిపి ఒకే కట్టగా కట్టి పొయ్యి పైన వేలాడదీసేది. ఆమె పోయాక నేను గింజ ఎక్కువన్న ఆశతో నాలుగేళ్ళు వరుసగా పిడికిలి వెన్నులనే ఏరాను. మొదట దిగుబడి పెరిగింది కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఒకేసారి పూసిన నా పైరంతా ఒకేసారి కోత దశలో తడిసింది. ముద్ద వెన్నుల లోపలి తడి ఆరక గింజ బూజు పట్టింది, కొంత వెన్ను మీదే మొలకెత్తింది. పక్కనే మా పిన్నిగారి కలగలుపు పైరులో విడి వెన్నులు త్వరగా ఆరాయి, ఆలస్యంగా పూసినవి ఇంకా పచ్చిగా ఉండి గట్టెక్కాయి. మరుసటి ఏడు విత్తనం ఆమె దగ్గరే తెచ్చుకున్నాను.

ఇథియోపియా ఎత్తయిన ప్రాంతాల పాత గోధుమలు కూడా ఇలా ఒకే చేనులో పలు రూపాలు కలిసిన పైరులే. అందువల్ల శుద్ధమైన ఒకే రకాన్ని పాతదని వేసినంత మాత్రాన ఈ రక్షణ దొరకదు.

మీ భూమిలో పై వాలుకు పాత చోడిని, ఎరువు, తేమ నిలిచే పల్లానికి మెరుగైన రకాన్ని వేయమని నా సలహా. పూర్తిగా మారే ముందు రెండింటినీ పైన, మధ్యన, కింద పక్కపక్కనే, ఒకే రోజు నాటి, కనీసం మూడేళ్ళు విడివిడిగా తూచి చూడండి. ఒక్క ఏడాది లెక్కను నమ్మకండి. పాత చోడికి విత్తనం తీసేటప్పుడు మాత్రం ముందు పండినవి, చివర పండినవి, ముద్దవి, విడివి అన్నిటి నుంచీ వెన్నులు ఏరండి.