అమ్ములూ, మదర్‌బోర్డు మార్చే ముందు

చిరంజీవి అమ్ములుకి బాబాయి దీవెనలు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో కంగారుగా చెప్పింది సగమే అర్థమైంది. పొద్దున మీ నాన్న పంపిన ఫోటోలు చూశాక మిగతాది తెలిసింది. మీ షాపు కంప్యూటర్ బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతోంది, మానిటర్ మీద ఏమీ రావట్లేదు. వచ్చిన కుర్రాడు మూత సగం తీసి చూసి "బోర్డు పోయింది, పాత మోడల్, కొత్త సిస్టమ్ తీసుకోండి" అన్నాడు. బోర్డంటే మదర్‌బోర్డు, మిగతా భాగాలన్నీ తగిలించే పెద్ద పలక. అతను చెప్పింది నిజమే కావచ్చు. కానీ పరీక్ష మాత్రం ఇంకా ఎవరూ చెయ్యలేదు. ఫోన్లో చెప్తే మర్చిపోతావని రాస్తున్నాను. పక్కన పెట్టుకుని, ఒక్కో మెట్టూ చదువుతూ చెయ్యి.

ముందు నీ టెన్షన్ తీరుస్తాను. పెళ్లికార్డుల ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో ఉంటాయి, బోర్డులో కాదు. డిస్క్ విప్పి వేరే సిస్టమ్‌కి తగిలిస్తే అన్నీ కనిపిస్తాయి. ఈ వారంలో ఇవ్వాల్సిన కార్డులుంటే ముందు ఆ పని చేసి, వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసుకో. తర్వాత నింపాదిగా రిపేరు చూడొచ్చు.

బోర్డు మీద నేరం మోపడానికి నేనెందుకు తొందరపడనో చెప్తాను. సికింద్రాబాద్‌లో కొత్తగా షాపు పెట్టినప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే పెద్దాయన ఒకరు అచ్చం ఇలాంటి కంప్లైంటుతోనే వచ్చారు. బోర్డు పోయింది సార్ అని నమ్మకంగా చెప్పి, డబ్బులు తీసుకుని, కొత్తది బిగించాను. అదీ లేవలేదు. రాత్రి పదకొండింటికి ఆ కొత్త బోర్డుని ఊడదీస్తుంటే కింద నుంచి టక్కుమని ఒక స్క్రూ రాలింది. కేబినెట్ రేకుకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుని షార్ట్ చేస్తోంది. పాత బోర్డు శుభ్రంగా ఉంది. డబ్బులు వెనక్కిచ్చేశాను గానీ, మర్నాడు ఆయన ముందు తలెత్తుకోలేకపోయాను.

అందుకని మొదటి అనుమానితుడు ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా. గోడ దగ్గర ప్లగ్ పీకేసి, బోర్డుకి వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ తియ్యి. అందులో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. కాగితాలకి పెట్టే జెమ్ క్లిప్ ఒకటి యూ ఆకారంలో వంచి, ఒక కొన ఆకుపచ్చ వైరు రంధ్రంలో, రెండో కొన పక్కనున్న నల్ల వైరు రంధ్రంలో పెట్టు. పాత డీవీడీ డ్రైవ్‌కి పవర్ వైరు తగిలించే ఉంచు, కొంచెమైనా లోడు ఉండాలి. హార్డ్ డిస్క్ వైరు మాత్రం తీసెయ్యి. ఇప్పుడు ప్లగ్ పెట్టి స్విచ్ వేస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ ఆగకుండా తిరగాలి. మీ నాన్న దగ్గర మల్టీమీటర్ ఉందిగా, పసుపు వైరుకీ నలుపుకీ మధ్య చూడమను. 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉంటే ఫరవాలేదు. అంతేగానీ ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, కొట్టిందంటే మామూలుగా ఉండదు.

తర్వాత ర్యామ్, అంటే మెమరీ స్టిక్. మళ్లీ ప్లగ్ పీకి, స్టిక్ తీసి, బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక్కటే స్టిక్ ముందు ఒక స్లాట్‌లో, తర్వాత రెండో దాంట్లో పెట్టి చూడు. గుండ్రటి బ్యాటరీ (దాని మీద సీఆర్2032 అని ఉంటుంది) తీసి పది నిమిషాలాగి మళ్లీ పెట్టు. అప్పటికీ లేవకపోతే ర్యామ్ పూర్తిగా తీసేసి ఆన్ చెయ్యి. బోర్డుకి చిన్న స్పీకర్ ఉంటే బీప్ బీప్ అని మొత్తుకోవాలి. మొత్తుకుందంటే బోర్డూ ప్రాసెసరూ బతికే ఉన్నాయి, తప్పు ర్యామ్‌దే కావచ్చు. కిక్కురుమనకపోతే బోర్డుని విప్పి అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, ఫ్యాన్, ఒక ర్యామ్, కరెంటు కనెక్టర్లు రెండూ (ఆ పెద్దదీ, ప్రాసెసర్ దగ్గరి చిన్నదీ) మాత్రమే ఉంచి ఇంకోసారి చూడు. నా స్క్రూ కథ ఇక్కడే బయటపడుతుంది.

ఇంత చెప్పి కూడా, నీ విషయంలో నేననుకునేది బోర్డే అని. రెండో ఫోటోలో ప్రాసెసర్ పక్కన నిలబడ్డ చిన్న డబ్బాల్లాంటివి చూడు. వాటి నెత్తి బల్లపరుపుగా ఉండాలి. మూడింటికి పూరీలా ఉబ్బింది, ఒకదాని మీద గోధుమరంగు మరక కూడా ఉంది. అవి కెపాసిటర్లు. టీవీలు బాగుచేసేవాళ్లెవరైనా వాటిని మార్చగలరు, కానీ అది లేస్తుందో లేదో, లేచినా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. షాపు నడిచే మిషన్ కాబట్టి బోర్డు మార్చడమే మేలంటాను.

కొనేటప్పుడు జాగ్రత్తగా విను. బోర్డు ప్రాసెసర్‌కి సరిపడాలి, మిగతాదంతా తర్వాత. మీది ఐ3 3220, దాని సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) 1155. హెచ్61 బోర్డు గానీ బీ75 గానీ అడుగు. దొరికితే బీ75 తీసుకో, అందులో యూఎస్‌బీ 3 ఉంటుంది. "ఇంకా కొత్త మోడల్ అమ్మా" అంటూ హెచ్81 చేతిలో పెడతారు. మన ర్యామ్ రకం డీడీఆర్3, దానిదీ అదే కాబట్టి అది సరిపోతుందనే అనిపిస్తుంది, కానీ దాని సాకెట్ 1150, మన ప్రాసెసర్ అందులో కూర్చోదు. హెచ్61లోనూ ఒక మెలిక ఉంది. అది 2011లో రెండో తరం ప్రాసెసర్ల కోసం వచ్చింది, మనది మూడో తరం. బయోస్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ చెయ్యని పాత బోర్డు అయితే మన ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు.

సెకండ్‌హ్యాండ్ అయితే ప్రాసెసర్, ర్యామ్ షాపుకి తీసుకెళ్లి, అక్కడే బిగించి డిస్‌ప్లే చూపిస్తేనే డబ్బివ్వు. మీ ఊళ్లో దొరక్కపోతే చెప్పు, ఇక్కడ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగి నేనే చూసి పంపిస్తాను. బోర్డుతో పాటు ప్రాసెసరూ ర్యామూ కూడా మార్చాల్సి వస్తే మాత్రం ఈ డబ్బాని వదిలెయ్యి, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్తదొస్తుంది.

బిగించేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సింది సాకెట్ దగ్గర. పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, బోర్డు సాకెట్లోనే ఉంటాయి, వెయ్యికి పైగా, వెంట్రుకల్లా. కొనే ముందు ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడు. అన్నీ నాటిన వరి వరసల్లా ఒకే వాలులో మెరవాలి. ఎక్కడైనా వరస చెదిరితే ఆ బోర్డు వద్దు. ప్రాసెసర్‌ని అంచులతో పట్టుకుని, మూలనున్న బంగారు త్రికోణం సాకెట్ గుర్తుతో కలిసేలా నిటారుగా దించు. నొక్కొద్దు, జరపొద్దు. దాని బరువుకి అదే కూర్చుంటుంది. లివర్ దించేటప్పుడు కరకరమంటుంది, గట్టిగానూ ఉంటుంది. అది మామూలే.

ప్రాసెసర్ వేడిని ఫ్యాన్‌కి చేరవేసే పాత పేస్టుని స్పిరిట్‌తో తుడిచి, కొత్తది కందిగింజంత పెడితే చాలు. ఫ్యాన్ కాళ్లు నాలుగూ ఎదురెదురు మూలలుగా నొక్కు, ఒక్కోటీ క్లిక్‌మనాలి. నైలాన్ చున్నీ వేసుకుని కూర్చోకు, దాని రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు బోర్డుని పాడుచేస్తుంది. మధ్యమధ్యలో కేబినెట్ రేకుని తాకుతూ ఉండు.

విప్పే ముందే నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకో, ముఖ్యంగా ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్న వైర్లవి. కొత్త బోర్డులో వాటి చోట్లు మారొచ్చు, అప్పుడు బోర్డు మీద అచ్చేసిన అక్షరాలే దిక్కు. వెనకవైపు పోర్టుల చుట్టూ ఉండే రేకు పలక ముందు బిగించి, తర్వాతే బోర్డు దించు. చాలామంది మర్చిపోయి మళ్లీ మొదటికి వస్తారు, నేను కూడా. బోర్డు రంధ్రం లేని చోట కేబినెట్‌లో బోర్డుని నిలబెట్టే ఇత్తడి కాలు ఉంటే పీకెయ్యి, లేకపోతే అదీ ఆ స్క్రూ చేసిన పనే చేస్తుంది.

విండోస్ లోడవుతూ నీలం తెర వస్తే డిస్క్ పోయిందని ఏడవకు. బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) చూడు. ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈ, ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐ పెట్టి చూడు, చాలావరకు దాంతో సర్దుకుంటుంది. బోర్డు మారింది కాబట్టి యాక్టివేషన్ మళ్లీ అడగొచ్చు. ఈ ప్రాసెసర్ విండోస్ 11 అర్హతల జాబితాలో లేదు, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అందుకని దీన్ని కార్డులు తయారుచేసే పేజ్‌మేకర్‌కీ తెలుగు అక్షరాల అను ఫాంట్లకీ ఉంచుకుని, బ్యాంకు పనులూ ఆన్‌లైన్ అప్లికేషన్లూ మీ నాన్న ల్యాప్‌టాప్‌లో చేసుకోండి.

ఒక్క మాట మీ నాన్నకి చెప్పు. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని మీ అమ్మ పోయిన సంక్రాంతికే అంది. ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. జిరాక్స్ మిషన్, సిస్టమ్ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతున్నారు కూడా. కొత్త బోర్డు కొనే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ మూడో పిన్ సంగతి చూడమను. అన్నయ్య నా మాట వినడు, నువ్వు చెప్తే వింటాడు.

సాకెట్ ఫోటో నాకు పంపి, నేను సరే అన్నాకే లివర్ దించు. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.

మీ బాబాయి