నలభై పాటలు పంపితే ఎవరు వింటారు?

ప్రశ్న: మేం ఐదుగురు స్నేహితులం నెలకోసారి పెద్దగా ఎవరికీ తెలియని పాప్, ఇండీ (పెద్ద మ్యూజిక్ కంపెనీల అండ లేకుండా చేసే) పాటలు ఏరి ఒకరికొకరు పంపుకుంటాం. నేను నలభై పాటలు పంపితే "బాగున్నాయి" అని ఊరుకుంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నలభై చాలా ఎక్కువమ్మా! వెనకటి సి-60 క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంటే పట్టేది, అంటే ఏడెనిమిది పాటలు, అందుకే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, దేని తర్వాత ఏది రావాలి అని క్యాసెట్ నింపేవాళ్లు గంటల తరబడి ఆలోచించేవాళ్లు, ఆ తపన వినేవాళ్లకూ తెలిసేది. మీరూ అరగంటకే పరిమితం చేయండి. ఏరి కూర్చిన క్యాసెట్ ఎంతగా గుర్తుండిపోతుందో చూడండి, బ్రిటన్‌లో ఎన్ఎంఈ అనే సంగీత వారపత్రిక 1986లో సి86 అనే క్యాసెట్ తెచ్చింది. 22 బ్యాండ్లు, ఒక్కోదానిది ఒక్కటే పాట. ఒక రకం ఇండీ పాటలను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు!

ఇంకో మాట, ప్రతి పాటకూ రెండు వాక్యాలు రాయండి, అది మీకెలా దొరికింది, ఎక్కడ మీ మనసు ఆగింది అని. వీలైతే ఓ ఆదివారం పొద్దున టవర్ క్లాక్ దగ్గర కలిసి, ఉగ్గాని బజ్జీ తింటూ వినండి. నచ్చని పాట గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పమనండి, అసలు మాటలు అక్కడే మొదలవుతాయి.