పిండాలా, అండాలా: సంతకానికి ముందు ఆలోచించండి

ప్రశ్న: నా వయసు 29. పెళ్లయి ఏడాది అయింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది, త్వరలో కీమోథెరపీ మొదలుపెడతారు. దానివల్ల పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చని, ముందే పిండాలు భద్రపరుచుకుందామని మావారు అంటున్నారు. నాకేమో అండాలు దాచుకుంటే చాలనిపిస్తోంది. చట్టం ఏమంటుంది?

జవాబు: మీ సందేహం సమంజసమే. అండం విషయంలో నిర్ణయం మీ ఒక్కరిదే. మీ అండం, మీవారి వీర్యకణం కలిస్తే ఏర్పడే పిండమైతే ఇద్దరూ ఒప్పుకోవాలి. సహాయక పునరుత్పత్తిపై మన దేశంలో 2021లో వచ్చిన చట్టం, 22వ సెక్షన్ ప్రకారం, పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టేలోపు ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. రేపు మీ ఇద్దరికీ పొసగక, కీమో తర్వాత మీలో అండాలూ మిగలకపోతే, ఆ పిండాలు ఉండీ లేనట్టే.

బ్రిటన్‌లో నటాలీ ఇవాన్స్‌కు సరిగ్గా ఇదే జరిగింది. క్యాన్సర్‌గా మారబోయే కణుతుల వల్ల అండాశయాలు తీసేయాల్సి వస్తే, సహచరుడితో కలిసి ఆరు పిండాలు భద్రపరిచారు. విడిపోయాక అతను వద్దన్నాడు. 2007లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా అతని మాటే నిలబెట్టింది. నాకు ఆ తీర్పు కఠినంగానే తోస్తుంది, కానీ దాన్ని తప్పుపట్టడమూ కష్టమే.

భర్త మీద అపనమ్మకంగా దీన్ని చూడనక్కర్లేదు. సేకరించిన అండాల్లో కొన్నింటిని అలాగే ఉంచి, మిగతావాటితో పిండాలు చేయించుకోవచ్చు. అండాల సేకరణకు సుమారు రెండు వారాలు పడుతుంది. అంత వ్యవధి ఉందో లేదో మీ క్యాన్సర్ వైద్యులే చెప్పాలి.

ఇంకో చిక్కుంది. పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచకూడదు. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ మాత్రలు అయిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు వాడాలి. వాటిని వాడుతూ గర్భం దాల్చకూడదు. మధ్యలో ఆపడం కుదురుతుందా అని ఇప్పుడే అడగండి.

చివరగా, అడగడానికి మీరూ చెప్పడానికి నేనూ జంకే మాట. ఇద్దరిలో ఒకరు మరణిస్తే, లేదా నిర్ణయం తీసుకోలేని స్థితికి చేరితే, దాచిన అండాలను, పిండాలను ఏం చేయాలో మీ నుంచి రాతపూర్వకంగా తీసుకోకుండా క్లినిక్ నిల్వ చేయకూడదు. క్యాన్సర్‌తో చనిపోయిన అవివాహితుడి వీర్యం కోసం తల్లిదండ్రులు కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2024లో ఢిల్లీ హైకోర్టు దాన్ని వారికి ఇవ్వమంది. అంగీకార పత్రంలో ఈ విషయం రాసే గడిని ఖాళీగా వదలకండి, ఇంకెవరి చేతా నింపించకండి. సంతకం చేశాక ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.